రచ్చ పరిరక్షిత ప్రాంతం

మా వీధి కుళాయి దగ్గర జరిగే రచ్చకి రాష్ట్రస్థాయి గుర్తింపు వచ్చిన రోజున మా ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు. ఆ శుభవార్త మోసుకొచ్చిన పెద్దమనిషి ఎండన పడి వచ్చాడు కదా అని మజ్జిగ ఇచ్చాను. మజ్జిగలో పొయ్యడానికి నీళ్లు లేవు గనక అది పెరుగే. ఆయన గ్లాసు ఒంపి చూసి, చెంచా అడిగాడు.

మాది కుంకుడుచెట్టు వీధి. చెట్టు కొట్టేశారు, వీధిని వదిలేశారు. వీధి మొదట్లో మునిసిపాలిటీ కుళాయి ఒకటుంది. రోజు విడిచి రోజు తెల్లారగట్ల నీళ్లొస్తాయి. సరిగ్గా ఎప్పుడొస్తాయో ఆ కుళాయికే తెలీదు. అందుకని ముందురోజు సాయంత్రమే ఎవరి గుర్తు వాళ్లు వరసలో పెట్టి ఇళ్లకి పోతాం. నరసమ్మత్తది సున్నం రాసిన ఇటుక. వాళ్ల పక్కింటి మస్తానమ్మది తెగిపోయిన చెప్పు. నాది విరిగిన రుబ్బురోటి పొత్రం ముక్క. ఇటుకుందంటే నరసమ్మత్తే అక్కడ నిలబడి ఉన్నట్టు లెక్క. దాన్ని ఎవరైనా కాలితో తాకితే నరసమ్మత్త ఇంట్లో నిద్రలోనే ఉలిక్కిపడుతుందని మా వీధిలో గట్టి నమ్మకం.

తెల్లారేసరికి ఇటుక జానెడు వెనక్కి జరిగి ఉంటుంది. ఇంక అక్కణ్ణుంచి మొదలు.

"ఏవే మస్తానీ, నా ఇటుక్కి కాళ్లొచ్చాయా?"

"వస్తే నీకు చెప్పే వెళ్తుంది కదొదినా. నన్నడుగుతావే?"

"నీ చెప్పు నా ముందుకెలా వచ్చింది మరి?"

"చెప్పన్నాక నడవదా? ఇటుకలా కూచుంటుందా?"

"నీ బిందె మొహం చూసే కుళాయి మూతి ముడుచుకుంది!"

"నీ బిందె మొహం చూసి అసలు తెరవనే లేదు!"

ఇలా వీధంతా లేచేవరకూ సాగుతుంది. మా వీధిలో అలారం పెట్టుకునే వాళ్లెవరూ లేరు.

ఇందులో ఒక సంగతుంది. నిండు బిందెని నేల మీంచి ఎత్తి చంకన పెట్టుకోవడం ఒక్క మనిషివల్ల కాదు. పక్కనున్నవాళ్లు చెయ్యి వెయ్యాలి. నరసమ్మత్తకి మోకాలు వాపు, సరిగ్గా వంగలేదు. పక్కనున్నది ఎవరంటే తగువు పడుతున్న మనిషే. అందుకని మస్తానమ్మ తిడుతూనే వంగి చెయ్యి వేస్తుంది, నరసమ్మత్త తిడుతూనే ఎత్తించుకుంటుంది. తర్వాత మస్తానమ్మ బిందెకి నరసమ్మత్త తన రెండో చెయ్యి వేస్తుంది. ఇద్దరూ వెనక్కి తిరిగి తిట్టుకుంటూ ఎవరింటికి వాళ్లు పోతారు. ఇన్నేళ్లలో ఒక్క చుక్క ఒలికింది లేదు.

ఆ వేసవిలో మా వీధికి ఇంటింటికీ కుళాయి మంజూరైంది. పైపులొచ్చి వీధి పక్కన పడ్డాయి. మునిసిపాలిటీ ఇంజనీరు చిట్టినాయుడు సోమవారం తవ్వకం అన్నాడు. నరసమ్మత్త పెరట్లో గట్టు కట్టించి, సిమెంటు చేయించి, కుళాయి రాబోయే చోట గోడకి పసుపు రాసి బొట్టు పెట్టింది. లేని కుళాయికి ఆదివారం హారతి కూడా ఇచ్చింది. "ఈ మోకాలితో వీధి చివరిదాకా మొయ్యలేకపోతున్నానే వైదేహీ. ఇంక నీళ్లే నా దగ్గరికొస్తాయి" అంది.

సోమవారం చిట్టినాయుడు రాలేదు. చెంచాతో మజ్జిగ తింటున్న పెద్దమనిషి వచ్చాడు.

ఆయన పేరు డాక్టర్ సచ్చిదానందం. పదజాల పరిరక్షణ మండలి అధ్యక్షుడు. వెంట టేపురికార్డరు పట్టుకున్న ఒక సహాయకుడు.

"అమ్మా, రచ్చ అనే పదం అవసానదశలో ఉంది" అన్నాడాయన.

"అయ్యో, ఎప్పణ్ణించండీ?" అన్నాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అలా అడగడం అలవాటు.

"కుర్రకారు పుట్టినరోజు చేసుకొచ్చి, రచ్చ రచ్చ చేశాం అంటున్నారు. విచారిస్తే ఆనందించారుట! పదానికి ఇంతకంటే అవమానం ఉందా? మా మండలి సిద్ధాంతం ఒకటే. పదం బతకాలంటే పదార్థం బతకాలి. అందుచేత రాష్ట్రమంతటా క్షేత్ర పరిశీలన జరిపించాం. అపార్టుమెంట్లలో ఫోనుల్లో మెసేజీలు పెట్టుకుని తలుపులు మూసుకుంటున్నారు. బస్టాండుల్లో దూషణ ఉన్నది గానీ వాదన లేదు. పెళ్లిళ్లలో అలక ఉన్నది గానీ ధ్వని చాలదు. స్వచ్ఛమైన, బహిరంగమైన, ఉభయపక్షాలూ సమానంగా పాల్గొనే రచ్చ ఈ రాష్ట్రంలో మీ కుళాయి దగ్గర మాత్రమే సజీవంగా ఉన్నది."

నరసమ్మత్త గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ మాటకి కొంగు సర్దుకుంది. పొగడ్త ఎవరికి చేదు?

"ఇందుమూలంగా తెలియజేయునదేమనగా," అని ఆయన కాయితం తీశాడు, "కుంకుడుచెట్టు వీధి కుళాయి పరిసరాలను రచ్చ పరిరక్షిత ప్రాంతంగా ప్రకటించడమైనది. ఇంటింటి కుళాయి వలన సదరు రచ్చకు ప్రాణహాని ఉన్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు పైపులైను పనులు నిలిపివేయడమైనది."

నరసమ్మత్త కొంగు జారిపోయింది.

మర్నాడు ఆడవాళ్లమంతా చిట్టినాయుడి దగ్గరికెళ్లాం. ఆయన మంచివాడే. ఫ్యాను కింద కూర్చున్నాడు.

"నేనేం చెయ్యగలను చెప్పండి? పులులున్న అడవిలో రోడ్డెయ్యనిస్తారా? అలాగే ఇదీను."

"మేం పులులమా బాబూ?" అంది నరసమ్మత్త.

"పులులైతే నయం. వాటికి మడుగులు తవ్విస్తారు."

వీధికొచ్చి ఆలోచించాం. రచ్చ ఉందనే కదా పైపు ఆపారు? రచ్చ మానేస్తే సరి. ఈ సలహా నాదే. బీయే చదివాను గనక తర్కం తెలుసనుకున్నాను.

నీళ్లొచ్చే రోజున అందరం నోళ్లు కుట్టుకుని వచ్చాం. ఇటుక జానెడు జరిగే ఉంది. నరసమ్మత్త దాన్ని చూసింది. గుటక వేసింది.

"ముందు మీరు పట్టుకోండి ఒదినగారూ" అంది.

మస్తానమ్మ అదిరిపడి, వెంటనే సర్దుకుంది. "అయ్యో, మీ ఇటుక ముందుంది కదండీ ఒదినగారూ."

"ఇటుకదేవుందండీ, మట్టి."

"చెప్పుదేవుందండీ, తోలు."

"మీరు బలహీనంగా ఉన్నారు."

"మీరు బలహీనంగా ఉన్నారు."

ఇలా మర్యాదలు జరుగుతుండగా నీళ్లు మురిక్కాలవలోకి పోయి, కాసేపటికి ఆగిపోయాయి. ఎవరికీ బిందెడు దొరకలేదు. నరసమ్మత్త ఇంటికెళ్లి తలుపేసుకుని, గోడ మీద బల్లిని తిట్టిందని తర్వాత తెలిసింది.

సచ్చిదానందంగారు పరుగున వచ్చారు. కుళాయి దగ్గర సహాయకుడు పెట్టి ఉంచిన రికార్డరులో పడిన మర్యాదలు విని తల పట్టుకున్నారు. "క్షీణత మొదలైంది! తక్షణ ప్రేరణ చర్యలు అవసరం" అని అక్కడికక్కడే ప్రకటించారు. మొదటి ప్రేరణ చర్యగా రోజు విడిచి రోజు వచ్చే నీళ్లని వారానికోసారి చేశారు. కొరత ఉంటేగాని పదానికి పుష్టి చేకూరదుట.

రెండో ప్రేరణ చర్యగా వాక్కలహ శిక్షకుణ్ణి పంపారు. సన్నగా, మెడ పొడుగ్గా ఉన్న మనిషి. కుళాయి దగ్గర నిలబడి, చేతిలో పాఠం చూసుకుంటూ, "ఓ స్త్రీ! నీవు నా ఇటుకను ఏల జరిపితివి?" అని నరసమ్మత్త మీద కళ్లెర్రజేశాడు.

నరసమ్మత్త ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏ ఊరు నాయనా నీది? పొద్దున్నుంచీ ఏవైనా తిన్నావా?"

"అది పాఠంలో లేదండీ."

"పాఠం తర్వాత చెప్పుకుందువు గాని, రా."

పప్పూ గోంగూరా వేసి అన్నం పెట్టింది. మస్తానమ్మ ఇంట్లోంచి కోడిగుడ్డు వేపుడొచ్చింది. ఆయన కడుపునిండా తిని, కళ్లు తుడుచుకుని, మండలికి ఒక్క ముక్క రాసి ఇచ్చాడని విన్నాం: పరిస్థితి విషమం.

కానీ సచ్చిదానందంగారి మొదటి మందే పనిచేసింది. వారానికోసారి నీళ్లంటే మర్యాదలు ఎంతకాలం నిలుస్తాయి? తర్వాతి వారమే ఇటుకలెగిరాయి. నా పొత్రం ముక్క కూడా రెండు మూడు మాటలు పడింది. మండలివాళ్లు షామియానా వేసి, కుర్చీలు వేసుకుని, తలలూపుతూ విన్నారు. కుళాయి పైన బోర్డు కట్టారు: "రచ్చ పరిరక్షిత ప్రాంతం. నిశ్శబ్దం నిషేధం." నరసమ్మత్త ఒక మంచి మాట అన్నప్పుడల్లా వెనక కుర్చీల్లోంచి "ఆహా" అని వినిపించేది. దాంతో ఆవిడ మాట మర్చిపోయేది.

అంటే తగువాడితే భద్రంగా ఉందని పైపు వెయ్యరు. ఆడకపోతే బలహీనంగా ఉందని వెయ్యరు. మా తర్కం అక్కడితో అయిపోయింది.

ఇంతవరకూ భరించాం. ఒక పూట సచ్చిదానందంగారు కుర్చీలోంచి లేచి, "ఆగండి! అదేమిటది?" అన్నారు.

మస్తానమ్మ "నీ ఇటుక చితకా!" అంటూనే వంగి నరసమ్మత్త బిందె మీద చెయ్యి వేసింది. ఆయన చూసింది అదీ.

"ఎత్తిస్తున్నానండీ" అంది మస్తానమ్మ.

"ప్రత్యర్థికి సహాయమా? కల్తీ! పచ్చి కల్తీ! దీనివల్ల మొత్తం నమూనా చెడిపోతోంది."

మర్నాటికి బోర్డు మీద ఇంకో వాక్యం చేరింది: "ఇతరుల బిందెకు చేయి వేయరాదు."

ఆ వారం నరసమ్మత్త బిందె నిండింది. ఆవిడ దాని పక్కన నిలబడింది. మస్తానమ్మ ఒకడుగు ముందుకేసింది. మండలి మనిషి దగ్గాడు. మస్తానమ్మ ఆగిపోయింది. మేమందరం చుట్టూ నిలబడి ఆ బిందెని చూస్తున్నాం, ఏదో విగ్రహాన్ని చూస్తున్నట్టు. చివరికి నరసమ్మత్త బిందె వంచి సగం నీళ్లు పారబోసింది. అప్పటికీ ఎత్తలేకపోయింది. ఇంకాస్త పారబోసింది. చెంబెడు మిగిలాక ఎత్తుకుని, ఎవర్నీ ఏమీ అనకుండా కుంటుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ తిట్టకుండా నడవడం మా వీధి అదే మొదటిసారి చూడటం.

నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే గట్టిగా అరవడం చేతకాదు, పుస్తకం తీస్తాను.

కాలేజీలో వ్యాసరచన పోటీలో బహుమతిగా ఇచ్చిన నిఘంటువు నా దగ్గరొకటుంది. ఇన్నేళ్లూ ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పనిచేస్తోంది. నూనె మరకలు తుడిచి 'రచ్చ' తీశాను. ఊరివాళ్లు కూడి కూర్చునే చోటు అని ఉంది. రథాలు నడిచే వీధిని సంస్కృతంలో రథ్య అంటారనీ, అదే ప్రాకృతం మీదుగా మనదాకా వచ్చి రచ్చ అయిందనీ పండితులంటారని మా లెక్చరరుగారు కూడా ఎప్పుడో చెప్పారు. ముందు అది వీధి. తర్వాత వీధిలో పెద్దలు కూర్చుని ఇద్దరి మాటా విని తగువు తీర్చే చోటు. ఆ చోటు పేరే చివరికి తీర్పు దొరకని వాళ్ల అరుపులకి మిగిలింది. పాపం, మాట తప్పేం లేదు. పెద్దలు లేచిపోయారు, అంతే.

ఈ పేజీ పట్టుకుని మండలి ఆఫీసుకెళ్లాను.

"అయ్యా, మీరు పరిరక్షిస్తున్నది సగం రచ్చేనండీ" అన్నాను వినయంగా.

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "సగమా?"

"మూలంలో రచ్చంటే పెద్దలు కూర్చునే చోటు కదండీ. ఇద్దరి మాటా విని తీర్పు చెప్పేదాకా లేవరు. పెద్దమనిషి లేకుండా మేం అరుచుకుంటున్నది కల్తీయేమోనని నాకో అనుమానం. మీబోటి వాళ్లకి తెలియందా."

కల్తీ అన్న మాట విని ఆయన మొహం పాలిపోయింది. పేజీ చదివి, నూనె మరకని కూడా వేలితో రాసి చూసి, లేచి నిలబడ్డారు. "మూలార్థ పునరుద్ధరణ! ఇది చారిత్రక ఘట్టం. రచ్చకు పెద్దగా ఎవరిని నియమించాలన్నది మాత్రం లోతుగా ఆలోచించాలి."

లోతుగా ఆలోచించి తనని తానే నియమించుకున్నారు.

కుళాయి ఎదురుగా పెద్దగారికి అరుగు కట్టాలన్నారు. అరుగుకి వేరే సామాను మంజూరు లేదు గనక, వీధి పక్కనున్న పైపులు పేర్చి వాటి మీద బండ పరిచారు. నిబంధనలు కూడా మండలే రాసుకుంది. తీర్పు చెప్పకుండా పెద్ద లేవకూడదు. తీర్పుకి ఉభయపక్షాలూ ఒప్పుకోవాలి. ప్రామాణికత కోసం బయటి ఫ్లాస్కులూ సీసాలూ తేకూడదు. మునిసిపాలిటీ తరఫున సాక్షిగా చిట్టినాయుడు హాజరు కావాలి.

నీళ్ల రోజు సచ్చిదానందంగారు ఉత్తరీయం వేసుకుని అరుగు ఎక్కారు. సహాయకుడు రికార్డరు నొక్కాడు.

"ఇటుక జరిపింది తనేనండీ" అంది నరసమ్మత్త.

"చెప్పుని ఇటుక నెట్టిందండీ" అంది మస్తానమ్మ.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "ఇటుకను యథాస్థానమునందు ఉంచవలెను" అని తీర్పు చెప్పారు.

"యథాస్థానం ఎక్కడండీ?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

చూపించారు. నరసమ్మత్త ఒప్పుకోలేదు. కాస్త ముందుకి చూపించారు. మస్తానమ్మ ఒప్పుకోలేదు. మధ్యలో చూపించారు. వెనకాల వరసంతా ఒప్పుకోలేదు. ఎండెక్కింది. నీళ్లింకా రాలేదు. షామియానా వాళ్లు ఆ వారం అద్దెకివ్వలేదు. ఆయన పెదాలు తడుపుకోవడం మొదలుపెట్టారు. కింద చిట్టినాయుడు చేతిరుమాలు నెత్తిన వేసుకున్నాడు.

ఎట్టకేలకి కుళాయి గురగురలాడి, సన్నగా ధార వచ్చింది.

"ఎవరైనా కాసిని నీళ్లివ్వండమ్మా" అన్నారు సచ్చిదానందంగారు.

"గుర్తు పెట్టారా బాబూ?" అంది నరసమ్మత్త.

నిబంధనల మనిషి కదా, మాట్లాడకుండా కళ్లజోడు పెట్టె తీసి సహాయకుడి చేత వరసలో పెట్టించారు. చిట్టినాయుడు కూడా వెళ్లి, దాని వెనకాల తన కొలతల టేపు పెట్టాడు. నా బిందె ఒకటి వాళ్లకి అరువిచ్చాను. ఖాళీ చేతుల్తో కుళాయికి నోరు పెడితే మా వీధి ఒప్పుకోదు.

వరస కదిలింది. ధార ఇంకా సన్నబడింది. ఇంకాసేపట్లో ఆగిపోతుందని మాకందరికీ తెలుసు. సచ్చిదానందంగారు మెడ చాచి చూశారు. కళ్లజోడు పెట్టె జానెడు వెనకుంది. టేపు ముందుంది.

"చిట్టినాయుడుగారూ! తమరు నా పెట్టెను స్థానభ్రంశం గావించారు."

"నేను గావించలేదండి. సాక్షిగా నిలబడ్డాను."

"మరి తమరి టేపు ముందుకెట్లు వచ్చినది?"

"టేపన్నాక సాగుతుందండి."

"ఏమిటయ్యా సాగేది? నేను చూడలేదనుకున్నావా?"

"చూడ్డానికి నీ కళ్లజోడు పెట్టెలో ఉంది కదయ్యా!"

"ఏయ్! మాట తిన్నగా రానియ్! నా పెట్టెకి కాళ్లొచ్చాయా?"

"వస్తే నీకు చెప్పే వెళ్తుంది, నన్నడుగుతావే?"

"దొంగ పైపులోడా!"

"మాటల బేరగాడా!"

సచ్చిదానందంగారి ఉత్తరీయం ఎక్కడ పడిందో తెలీదు. అరుగు ఎప్పుడు దిగారో ఆయనకీ తెలీదు. ఇటు నుంచి ఆయన, అటు నుంచి చిట్టినాయుడు, మధ్యలో నా బిందె. వీధంతా బయటికొచ్చింది. నరసమ్మత్త ఇటుక మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"ఆహా" అంది.

ఆ పెట్టెని ఎవరు జరిపారో నాకు తెలీదు. నా పొత్రం ముక్క మాత్రం ఆ పూట ఎందుకో కాస్త ముందుకొచ్చింది.

సచ్చిదానందంగారే గెలిచారు. బిందె కుళాయి కింద పెట్టి, ఆఖరి ధారంతా పట్టారు. నిండింది. కుళాయి ఆగిపోయింది. ఆయన వంగి బిందె అంచు పట్టుకున్నారు. లేవలేదు. నడుం పట్టుకుని మళ్లీ వంగారు. లేవలేదు. సహాయకుణ్ణి చూశారు. అతను బోర్డుని చూశాడు. ఆయన చిట్టినాయుణ్ణి చూశారు.

"ఇతరుల బిందెకు చేయి వేయరాదండి" అన్నాడు చిట్టినాయుడు చేతులు కట్టుకుని. "నియమం తమరిదే."

ఎవరూ కదల్లేదు. ఆయన బిందె పక్కన నిలబడ్డారు. కాస్త ఒంపుదామని చెయ్యి పెట్టి, మనసొప్పక తీసేశారు.

నరసమ్మత్త ఇటుక మీంచి లేచింది. మోకాలు పట్టుకుని, మూలుగుతూ వెళ్లి, బిందెకి అటుపక్క చెయ్యి వేసింది.

"ఒంగు నాయనా. చంక ఇలా తేవాలి. ఆ, తిట్టడం ఆపక్కర్లేదు, తిడుతూనే ఎత్తు. ఊపు దానికదే వస్తుంది."

"దొంగ పైపులోడా!" అంటూ ఆయన ఎత్తారు. బిందె చంకలోకొచ్చింది. చుక్క ఒలకలేదు.

"సార్," అన్నాడు సహాయకుడు మెల్లిగా, "తీర్పు చెప్పకుండా లేచారండి."

సచ్చిదానందంగారు నిండు బిందె చంకన పెట్టుకుని మా వీధి పొడుగునా చూశారు. మా ఇల్లు ఆ చివర. బిందె నాది గనక మా ఇంటిదాకా మొయ్యాలి. తాగాలంటే రెండు చేతుల్లో ఒకటైనా ఖాళీ ఉండాలి, లేదు. ఆయన అరుగు వైపు చూశారు. బండ కింద వరసగా గుండ్రటి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"చిట్టినాయుడూ! ఆ అరుగు కింద ఉన్నవేమిటయ్యా?"

"పైపులండి."

"అరుగు విప్పు. పాతెయ్! ఇదే తీర్పు!"

"ఒప్పుకుంటున్నాం" అన్నారు నరసమ్మత్తా మస్తానమ్మా ఒకేసారి. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం కూడా మా వీధి అదే మొదటిసారి చూడటం.

తవ్వకం మొదలైంది. మండలిలో ఆనాటి రికార్డు వేసి విన్న పండితులు, ఇంత స్వచ్ఛమైన రచ్చ ఇంతకుముందు దొరకలేదని తేల్చారుట. దాంతో పరిరక్షిత ప్రాంతం బోర్డు మా వీధి నుంచి తీసి, ఇంజనీరుగారూ అధ్యక్షులవారూ కలుసుకునే మునిసిపాలిటీ వరండాలో కట్టారు. ప్రేరణ చర్యగా అక్కడి మంచినీళ్ల కుండ తీసేశారని మావారు చెప్పారు.

నరసమ్మత్త పెరట్లో బొట్టు పెట్టిన చోటే కుళాయి వచ్చింది. మొదటిరోజు తెల్లారగట్ల వీధి నిశ్శబ్దంగా ఉంది. మేమందరం ఎవరి కుళాయి దగ్గర వాళ్లం నిలబడి, వినడానికి ఏమీ లేక బిందెలోకి చూసుకుంటున్నాం. మావారికి మెలకువ రాక ఆఫీసుకి ఆలస్యమయ్యేట్టుంది.

అంతలో నరసమ్మత్త గోడ మీంచి కేక.

"ఒసే మస్తానీ! చచ్చావా, బతికావా? బిందె నిండి గంటయింది, వచ్చి చెయ్యెయ్యవే!"

"నీ కుళాయి నీ ఇంట్లో పెట్టుకుని నన్ను పిలుస్తావేం? నేనేం నీ జీతగత్తెనా?" అంటూ మస్తానమ్మ అప్పటికే పెరటి తలుపు తీస్తోంది.